మూడో పోగు

మొన్న ఆగస్టు పన్నెండు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కింది వాటాలోంచి ఆ వాసన మొదలైంది. ముందు అల్లం, వెల్లుల్లి. ఆ వెనక పొగ పట్టిన కొవ్వు వేడినీళ్ళలో మెత్తబడేటప్పుడు వచ్చే వాసన. ఖమ్మంలో ఈ ఇల్లు కట్టుకున్నాక అది నా ముక్కుకు తగలడం అదే మొదలు. కింద నర్సింగ్ చదివే ముగ్గురు ఆడపిల్లలు కిరాయికి ఉంటారు. వాళ్ళలో ఒకమ్మాయిది భద్రాచలం అవతలి అడవి ఊరు. ఊరి అమ్మవారి కొలుపుకు వెళ్ళి ముందురోజే బస్సులో తిరిగి వచ్చింది. మిగిలిన పంది మాంసం వెంట తెచ్చుకుందనీ, ఇప్పుడు అందులో నూడుల్స్ వేసుకోబోతున్నదనీ మెట్లు దిగకుండానే, కిటికీలోంచి వినబడే వాళ్ళ మాటలతో తెలిసిపోయింది. పక్కింటావిడ గోడ మీదుగా కేకేసింది. "ఏందమ్మా ఆ కంపు? ఓనరమ్మకు చెప్పాల్నా?" ఆ పిల్ల బెదిరిపోయి పైకి చూసింది. "అమ్మమ్మా, కిటికీ మూస్తం, ఏమనుకోకు."

"మూయకు. మాంసం పీచుపీచుగా విడిందా?" అని అడిగాను.

"ఇంకా లేదమ్మమ్మా."

"అయితే నూడుల్స్ ఇప్పుడే వెయ్యకు."

పంది మాంసం జన్మలో తినని ముసలిదానికి ఈ సంగతి ఎలా తెలుసునని ఆ పిల్ల అడగలేదు. అడగకపోయినా చెప్పాలనిపించింది. నాకు నేర్పినావిడ పేరు మార్తమ్మ.

నాకు ముప్పై నిండకముందు అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాలో నర్సుగా చేరాను. మార్తమ్మగారు అక్కడ మా అందరికంటే సీనియర్ సిస్టర్. సత్తుపల్లి వైపు మనిషి, పొడగరి, నలభై అయిదేళ్ళు ఉంటాయి. భర్త పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసేవాడు. సెలవు దొరికినప్పుడు ఆమె అక్కడికి వెళ్ళి, వచ్చేటప్పుడు కాలనీ దుకాణంలో బిస్కెట్లు, నూడుల్స్ పొట్లాలు కొనుక్కొచ్చేవారు. అడవి దారిలో ఆ పొట్లాలు అప్పట్లో ఎవరూ చూసి ఎరగరు. నేను డ్యూటీలో చేరిన మూడో రోజు, ఒక రోగి కాగితంలో "ఆహారం తీసుకోలేదు" అని రాశాను. ఆమె దాన్ని వేలితో కొట్టి చూపించారు.

"తినలేదా, తినలేకపోయిందా, ఎవరూ తినిపించలేదా? మూడింట్లో ఏది?"

నాకు తెలియదన్నాను.

"తెలుసుకుని రాయి అమ్మాయ్. నువ్వు రాసిన దాంట్లో తప్పంతా ఆ మనిషిదే అయిపోయింది."

ఆమె గొంతు ఎప్పుడూ హెచ్చేది కాదు. మెచ్చుకోవడం కూడా తెలియదు. ఏడాదిలో నన్ను ఒక్కసారైనా బాగా చేశావు అనలేదు. ఆదివారం భోజనం దగ్గర ఆమె పంది మాంసం డబ్బా తెరిస్తే మేమంతా కొంచెం కొంచెంగా జరిగి కూర్చునేవాళ్ళం. మందులిచ్చే నర్సయ్య ఊరుకునేవాడు కాదు. "సిస్టరమ్మా, ఆ డబ్బకు తాళమెయ్యుండ్రి, లేచి ఉరుకుతది." ఆమె తలెత్తకుండానే, "ఉరికితే నీ పళ్ళెంలోకే వస్తుంది నాయనా. ఆ నీళ్ళచారు చూసి జాలేసి" అనేవారు. అందరం నవ్వేవాళ్ళం. మళ్ళీ ఎవరి పళ్ళెం వాళ్ళు దూరంగా పెట్టుకునే తినేవాళ్ళం.

ఆ వానాకాలంలో జోగమ్మ అనే కోయ ఆమె కిటికీ పక్క మంచం మీద ఉండేది. ఛాతీ జబ్బు ముదిరింది. నోరంతా పుండ్లు. పాలు పోస్తే పొలమారి దగ్గు తెర వచ్చేది, రొట్టె పెడితే నోట్లోనే ఉండిపోయేది. ఆమెకు తెలుగు నాలుగు మాటల కంటే రాదు. భర్త ముత్తయ్య వారానికోసారి వాగు దాటి నడిచి వచ్చేవాడు. ఇక బతకదని డాక్టరు అతనికి చెప్పేశాడు. అతను ఏడవలేదు. ఆ మాట ఆమెకు కూడా చెప్పాడు. అప్పటి నుంచి ఆమె ఒక్కటే అడుగుతుండేది. పుట్టి పోయిన మొదటి కాన్పు బిడ్డను ఊరి చివర ఇప్పచెట్టు కింద పాతిపెట్టారట. తననూ అక్కడే పెట్టాలి.

అది అంత సులభం కాదని మాకు తెలిసింది ముత్తయ్య మోదుగాకుల పొట్లం పట్టుకుని వచ్చిన రోజున. వాళ్ళ ఊళ్ళో కొలుపు చేసి పందిని కోస్తే ఇంటింటికీ కాదు, మనిషి మనిషికీ మాంసంలో ఒక పోగు వేస్తారు. ఊళ్ళో లేని వాళ్ళకు కూడా వేసి, వాళ్ళున్న చోటికి పంపుతారు. తిన్నాక ఎముక వెనక్కి రావాలి. తినకుండా పోగు వెనక్కి వస్తే, ఆ మనిషి ఊరి మీద మనసు లేక వద్దన్నట్టు. మూడు కొలుపుల పోగులు అలా తిరిగివస్తే ఇక లెక్కలో ఉండరు. వాళ్ళకు పోగూ లేదు, ఊరి మన్నూ లేదు. ఎప్పుడో ఊరు వదిలి వలసపోయిన వాళ్ళ కోసం పెట్టుకున్న కట్టుబాటు అది. జబ్బు మనిషికి వేరే కట్టుబాటు ఎవరూ పెట్టలేదు. జోగమ్మ జబ్బుపడ్డాక రెండు పోగులు తిరిగిపోయాయి. ముత్తయ్య చేతిలోది మూడోది.

"వాసన రాకుంట పొగ మీద పెట్టి తెచ్చిన సిస్టర్. వాగు ఎక్కువుండె, రెండు దినాలు ఆగిన" అన్నాడు. పొట్లం విప్పితే నల్లబడి గట్టిపడిన మాంసం, ఒక పక్కటెముక.

నేను అతన్ని పక్కకు పిలిచాను. "ముత్తయ్యా, ఇది ఆమె నమలగలదా? నువ్వు తిని ఎముక పట్టుకుపో. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తది గద సిస్టర్."

"పోనీ ఉడకబెట్టి ఆ నీళ్ళు తాగిస్తే?"

"తాగితే లెక్క గాదు. ముక్క కడుపుల పడాలె." పొట్లం మీది ఆకు సర్దుతూ, "నేనే అబద్ధం జెప్పి ఆడ పెడితే, బిడ్డ పక్కన ఎట్ల పండుకుంటది ఆమె?" అన్నాడు.

మార్తమ్మగారు ఇదంతా తలుపు దగ్గర నిలబడి విన్నారు. వచ్చి మాంసాన్ని గోటితో గిల్లి చూశారు. "పాడవలేదు" అన్నారు. వంటగదికి పంపితే వంటవాడు గిన్నె కూడా ముట్టుకోలేదు. "పంది నా పొయ్యి మీదికి ఎక్కది సిస్టర్. రేపు మిగిలినోళ్ళు తింటరా, నా చేతి అన్నం?" అతనితో వాదించకుండా ఆమె సిరంజీలు మరగబెట్టే కిరోసిన్ స్టవ్వు ఉన్న గదిలోకి నడిచారు. సిరంజీలు తీసి పక్కన పెట్టి, తన సొంత గిన్నె పెట్టారు.

ఆ వంట నాకు ఇప్పటికీ చేతులతో సహా గుర్తుంది. ముందు మసి పోయేదాకా చాకుతో గీకి, ఉప్పునీళ్ళతో రెండుసార్లు కడిగారు. మొదటి ఉడుకు వచ్చిన నీళ్ళు పారబోశారు. "పొగ చేదు ఇందులో పోతుంది." మళ్ళీ నీళ్ళు పోసి, చితక్కొట్టిన అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాసిని మిరియాలు వేసి మంట తగ్గించారు. మిరపకాయ వెయ్యలేదు, నోటి పుండ్లు ఉన్నాయి కదా. పైకి తేలిన కొవ్వును గరిటెతో తీసి ముత్తయ్య గిన్నెలో వేశారు, అతనూ పొద్దున్నుంచి తినలేదు. మాంసం ఎముకను వదిలాక రెండు చెంచాలతో దారాల్లా విడదీశారు. నేను ఆ దారాలు చూసి, "ఇలాగే పెట్టవచ్చు కదా" అన్నాను. "ఒట్టి పీచు పుండు మీద అతుక్కుంటుంది. జారే దానితో చుట్టాలి." తన బీరువాలోంచి నూడుల్స్ పొట్లం తెచ్చి, మసాలా పొట్లం తీసి అవతల పడేసి, నూడుల్స్ చిన్నగా విరిచి వేశారు. మామూలుగా కంటే ఎక్కువసేపు, వేలు పెడితే చితికేదాకా ఉడికించారు. అప్పుడు గరిటె నా వైపు చాపారు.

"ఉప్పు చూడు."

మా ఇంట్లో పంది పేరు కూడా గడప దాటి రాదు. నేను వెనక్కి తగ్గాను. ఆమె గరిటె దించలేదు. "నా నాలుకకు ఇది అలవాటైన రుచి, నేను చూస్తే ఎక్కువ తక్కువ తెలీదు. పుండు నోట్లో ఉప్పు ఎక్కువైతే ఒక్క చెంచాతో ఆపేస్తుంది. ఆమె తినకపోతే నీ కులం వల్ల అని రాయనా?" అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాలుకకు తగిలించాను. ఎక్కువే అయింది. చెప్పాను. ఇంకో గ్లాసు నీళ్ళు పోశారు.

జోగమ్మను దిండ్లతో లేపి కూర్చోబెట్టాం. మొదటి చెంచాను ఆమె చాలాసేపు చూసి, కోయలో ఏదో అంది. ముత్తయ్య నవ్వాడు. అతను నవ్వగా చూడడం అదే. "ఎర్రలా అంటంది సిస్టర్. చేపలకు పెట్టేటివి నాకు పెడుతుండ్రా అంటంది."

"అవును, నిన్ను పట్టడానికే అని చెప్పు" అన్నారు మార్తమ్మగారు.

ఒక్కో చెంచాకూ ఆగి, కళ్ళలో నీళ్ళు తిరిగినా మింగింది. రెండుసార్లు దగ్గు వచ్చి సగం బయటికి వచ్చింది. బయటికి వచ్చిన పీచును కూడా ఆమె వేలితో తీసి మళ్ళీ నోట్లో పెట్టుకుంది. నేను ఆపబోతే మార్తమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. గిన్నె అడుగు కనిపించాక ఆమె ముత్తయ్య వైపు తిరిగి గిన్నె వంచి చూపించింది. అతను ఎముకను కడిగి, ఆకులో చుట్టి, పంచె మడతలో పెట్టుకుని, చీకటి పడకముందే వాగు దాటాలని బయలుదేరాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగు రోజులకు పై ఆఫీసు నుంచి విచారణకు ఒక అధికారి వచ్చాడు. వంటవాడు చెప్పాడో, నర్సయ్య చెప్పాడో తెలియదు. సూదుల పొయ్యి మీద పంది వండారని అభియోగం. మార్తమ్మగారు నిలబడే సమాధానం చెప్పారు.

"వండాను సార్. స్టవ్వు కడిగాను. సిరంజీలు మళ్ళీ మరగబెట్టాను."

"తప్పని తెలియదా మీకు?"

"తెలుసు సార్. వేరే పొయ్యి లేదు."

"ఆ రోగి ఎలాగూ బతకదు కదమ్మా! దేనికోసం ఇదంతా?"

ఆమె ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. నేను చెబుదామని నోరు తెరిస్తే కళ్ళతోనే వద్దన్నారు. అతను వెళ్ళాక కారణం చెప్పారు. "పోగు సంగతి చెబితే కాగితంలో రాసుకుంటాడు. రేపు జీపు వేసుకుని ఆ ఊరికి పోయి, ఇదేం మూఢనమ్మకం అని వాళ్ళ పెద్దమనిషిని నిలదీస్తాడు. వాళ్ళు కోపంలో లెక్క మార్చుకుంటే? ఆ పిల్లది తిన్న తిండి దండగయిపోదూ?"

జోగమ్మ ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది. ఇంకేమీ తినలేదు. పోయిన రోజు వాన ఆగకుండా కురుస్తోంది. దవాఖానా జీపు వాగు దాటదు. మా ఆయాను వాగు ఇవతలి గట్టు మీదికి పంపి, ఆవలి ఒడ్డుకు కబురు కేకేయించాం. వాళ్ళు వస్తారా అని నేను మాటిమాటికీ గుమ్మంలోకి వెళ్ళి చూశాను. రాకపోతే మేమే పంచాయతీ మనుషులతో పాతించాలి, ఇప్పచెట్టు లేని చోట. మార్తమ్మగారు మాత్రం మంచం పక్కన కూర్చుని జోగమ్మ జుట్టు చిక్కు తీస్తూ ఉన్నారు. మధ్యాహ్నానికి ఎనిమిది మంది మగవాళ్ళు నడుము లోతు నీళ్ళలో తాడు పట్టుకుని వాగు దాటి వచ్చారు. అందరికంటే ముందు ఆ ఊరి పెద్దమనిషి, ముసలాయన, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "మా మనిషి ఏది?" అని అడిగాడు. అంతే. వెంట తెచ్చిన నులక మంచానికి కర్రలు కట్టి, పైన తాటాకు కప్పి, తలల మీదికి ఎత్తుకుని ఆ నీళ్ళలోనే తీసుకుపోయారు.

మార్తమ్మగారికి ఆ నెలలోనే బదిలీ కాగితం వచ్చింది. రావలసిన హెడ్ సిస్టర్ పదవి ఆ విచారణ పేరుతో ఆగిపోయి, మళ్ళీ రాలేదు. బస్సు ఎక్కేటప్పుడు నేను ఏడుస్తుంటే, "కిటికీ పక్క మంచానికి దోమతెర చిరిగింది, కుట్టించు" అన్నారు. అవే ఆమె నాతో అన్న చివరి మాటలు. ఆ తర్వాత రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. చాలా ఏళ్ళకు పాల్వంచ బస్టాండులో ఆమె పెద్ద కొడుకు కనిపించి, అమ్మ పోయి ఆరు నెలలయిందన్నాడు.

నేను రిటైరయ్యేదాకా ఎన్నో దవాఖానాల్లో పనిచేశాను. తిండి లోపలికి పోని మనిషి మంచం దగ్గరికి వెళితే, ముందు వెంట వచ్చిన వాళ్ళను అడిగేదాన్ని, ఈ మనిషి ఏం తింటే మీ మనిషి అవుతుంది అని. కొందరు వింతగా చూసేవాళ్ళు. కొందరు వెంటనే చెప్పేవాళ్ళు. రాగిసంకటి, ఎండుచేప, దర్గా ప్రసాదం. ఒకావిడకు పుట్టింటి బావి నీళ్ళు. దొరికినవి తెప్పించాను, మింగేలా చేసి పెట్టాను. వాళ్ళలో చాలామంది బతకలేదు. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావని పైవాళ్ళు అడిగితే మార్తమ్మగారి పేరు చెప్పేదాన్ని. ఆ పేరు ఎవరికీ తెలిసేది కాదు.

పోయినవి ఇవి. జోగమ్మ, ముప్పై ఏళ్ళు దాటకుండా. అదే జబ్బుతో మరుసటి వేసవిలో ముత్తయ్య. మార్తమ్మగారి పదవి, ఆ తర్వాత మార్తమ్మగారు. జోగమ్మను బిడ్డ పక్కనే పెట్టిన, రోడ్డు వేసినప్పుడు కొట్టేసిన ఆ ఇప్పచెట్టు.