ఒక శ్రుతి ఎక్కువ

ఇన్నేళ్ళుగా దీన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయేదాకా ఆయనకీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, ఎందుకంటే నేనెవరో మీకు తెలియదు. జాలిపడకండి. జాలి కోసం రాయడం లేదు.

పోయిన వారం పక్కింటివాళ్ళు నన్ను చిలకలూరిపేటలో మ్యాట్నీకి లాక్కెళ్ళారు. సినిమాలో పేరు మాసిపోతున్న ఒక ముసలి నటుడు కొత్త కుర్రాడికి నటన నేర్పి, చివర్లో తన కిరీటం తీసి వాడి తల మీద పెడతాడు. హాలంతా ముక్కులు చీదుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. కిరీటం అంత తేలిగ్గా ఊడి వస్తుందా? ఆ కథ రాసినవాడు ఎప్పుడైనా మొహానికి రంగు వేసుకున్నాడా? నేను వేసుకున్నాను. నేనూ ఒక పిల్లకి నేర్పాను. చివర్లో నేనేం చేశానో వినండి.

టీవీ సీరియళ్ళు అప్పుడప్పుడే మా పల్లెల్లోకి వస్తున్న రోజులవి. ఇంకా పద్యనాటకాలు ఆడేవాళ్ళు. నాది రాణి వేషం. శ్మశానంలో రాణి ఏడుస్తూ పద్యాలు పాడే కాటి సీనులో నాకు 'వన్స్ మోర్' పడని ఊరు లేదు. ఆ పిల్ల మార్టూరు దగ్గర పల్లె నుంచి వచ్చింది. పత్తి తీతకి వెళ్తూ పాడుకునేదట. వాళ్ళ నాన్న తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టాడు. బంగారం లాంటి గొంతు. ఇంట్లో పెట్టుకున్నాను. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, మాట ఎక్కడ విరవాలో, ఏడుపు ఎక్కడ ఆపాలో అన్నీ నేర్పాను. ప్రేమతోనే నేర్పాను. అది మాత్రం అబద్ధం కాదు.

మా నాటకాల్లో ఒకే వేషాన్ని ఇద్దరు పంచుకుంటారు. మొదటి సగం ఒకరు, రెండో సగం ఇంకొకరు. కాటి సీను రెండో సగంలో, తెల్లవారుజామున వస్తుంది. జనం మేలుకుని కూర్చునేదే దానికోసం. ఆ ఏడు మిరప కల్లాలు నిండిన రోజుల్లో నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు వచ్చి నన్ను మొదటి సగం చెయ్యమన్నాడు. కాటి సీను పిల్లకట. జనం కొత్త మొహం అడుగుతున్నారట. మరి రాజు వేషం కట్టేవాడికి అరవై దాటాయి. నోట్లో కట్టుడు పళ్ళు, మీసానికి నల్లరంగు. ఆయన్ని మార్చమని ఎవరూ అడగలేదు. నాకు మాత్రం వయసైపోయింది! ఇప్పటికీ తలుచుకుంటే పళ్ళు నూరుకుంటాను. ఆ కోపం తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కానీ ఆ కోపం ఎవరి మీద చూపించాను? కాంట్రాక్టరు మీదా? రాజుగారి మీదా? వాళ్ళతో నవ్వుతూనే మాట్లాడాను.

కొత్తగా స్టేజీ ఎక్కేవాళ్ళ శ్రుతి ఏమిటో హార్మోనియం మాస్టారికి చెప్పేది నేర్పినవాళ్ళే. శిష్యులు ఆ విషయంలో నోరెత్తకూడదు, అది మా ఆనవాయితీ. పిల్ల గొంతుకి ఏది సరిపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నాటకం రోజు మాస్టారి దగ్గరికి వెళ్ళి దానికంటే ఒక శ్రుతి ఎక్కువ చెప్పాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, సరేనని తలూపాడు.

తూర్పున వెలుగు వస్తోంది. పిల్ల పద్యం ఎత్తుకుంది. మొదటి పాదంలోనే తేడా పట్టేసింది. తెర పక్కన నిలబడ్డ నా వైపు చూసింది. ఎక్కువైందా అని కళ్ళతోనే అడిగింది. కానివ్వమని చెయ్యి ఊపాను. అప్పటికైనా మాస్టారికి సైగ చేసి ఉండొచ్చు కదా? చెయ్యలేదు. నన్ను నమ్మి కానిచ్చింది. రాగం పైకి తీసేచోట గొంతు చీలిపోయింది. ముందు ఈలలు వేశారు, తర్వాత నవ్వారు. కొందరు చాపలు చుట్టుకుని లేచిపోయారు.

రంగు కడుక్కుంటూ అడిగింది.

"అమ్మా, శ్రుతి ఎక్కువైనట్టుందమ్మా?"

"ఎక్కువేం లేదే. రోజూ నువ్వు పాడేదే."

"నాకట్టా వినపడింది మరి."

"నీ చెవిదే తప్పు. పక్కన కల్లాల్లో మిరపకాయలాయె, ఆ ఘాటుకి గొంతు కూడా పట్టేసింది. పోన్లే, ఏడవబాక."

ఓదార్చాను కూడా, చూడండి! నా చీర కొంగుతోనే దాని కళ్ళు తుడిచాను.

తర్వాత ఆ పిల్ల మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఊరంతా మిరప ఘాటునే తిట్టుకున్నారు. కాటి సీను మళ్ళీ నాకొచ్చింది. ఆ తర్వాత పడిన వన్స్ మోర్‌లు చేదుగా ఉన్నాయని చెప్పమంటారా? లేవు. తియ్యగానే ఉన్నాయి. కొన్నాళ్ళకి తెనాలి వైపు నుంచి ఇంకో కొత్త మొహం వచ్చింది, నన్ను పిలవడం మానేశారు. అంతే.

మొన్న ఎండాకాలం మార్టూరు బస్టాండులో ఒకప్పటి ఆ పిల్లే కనబడింది. రాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనట. వద్దన్నా నా సంచి లాక్కుని మోసింది. పక్కన కూతురు ఏదో రాగం తీస్తోంది. వెంట్రుకవాసి కూడా శ్రుతి తప్పడం లేదు. "ఊరుకోవే, మనింట్లో ఎవరికీ చెవి లేదు" అని కూతుర్ని కసిరి, నా వైపు చూసి సిగ్గుగా నవ్వింది. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. బస్సు కూడా వచ్చింది. ఎక్కేశాను.

కాటి సీను నాది. ఇవాళ అడిగినా అదే అంటాను. ఇవ్వనని కాంట్రాక్టరు మొహం మీదే చెప్పి పోట్లాడాల్సింది. ఆ ధైర్యం లేక, నన్ను అమ్మా అని పిలిచిన పిల్ల మీద పడ్డాను. క్షమించమని ఎవరినీ అడగను. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది.

ఇది ఎక్కడైనా నీ కంటపడితే, అమ్మాయ్, నేనెవరో నీకు వెంటనే తెలిసిపోతుంది. తిట్టుకుంటే తిట్టుకో. ఆ తెల్లవారుజామున నువ్వు సరిగ్గానే విన్నావు. నీ కూతుర్ని పాడనివ్వు.