మల్లేశన్న నొప్పి నాటకం కాదు

మల్లేశన్న నొప్పిని నాటకం అన్నది మన బస్తీ. ముందు ఆ మాట రాశాకే మిగతాది రాస్తా.

నిన్న డ్యూటీ దిగే టైమ్‌కు నాకు ఫోన్ వచ్చింది. "అన్న ల్యాంప్ రూమ్ కాడ పడిపోయిండు, జల్ది రా." బండి స్టార్ట్ చేసేలోపే ఇంకో ఫోన్. ఎత్తాలంటే భయమేసింది.

ఎత్తాను.

తెలియని వాళ్ల కోసం రాస్తున్నా. మల్లేశన్నది మా పక్క క్వార్టర్. బొగ్గు బాయి లోపల పైకప్పు కూలకుండా సపోర్ట్‌లు బిగించే పని. సన్నటి మనిషి. ఏడాదిగా ఎడమ పక్క నడుములో నొప్పి, అప్పుడప్పుడు మూత్రంలో రక్తం.

కొడుకు డిప్లొమా అయిపోయిన ఏడాదే ఆ నొప్పి మొదలవడం అన్న చేసుకున్న పాపం. మన దగ్గర సంగతి తెలిసిందే. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి నౌకరి. తండ్రి నొప్పి అంటే చాలు, అందరి కళ్లూ కొడుకు వైపు తిరుగుతాయి.

ముందు కిడ్నీలో రాళ్లన్నారు. ఉలవచారు తాగించారు, బీరు తాగమన్నారు. స్కానింగ్‌లో రాయి కనపడలేదు. పరీక్షకు పోయిన రోజు మూత్రం తేటగా వచ్చింది.

ఇంకేం, డ్రామానే అని తేల్చేశారు.

ఒకరోజు అన్న విసిగిపోయి, ఎర్రటి మూత్రం వాటర్ బాటిల్‌లో పట్టుకొచ్చి టీ హోటల్ బల్ల మీద పెట్టాడు. సొంత బామ్మర్దే అందుకున్నాడు.

"బీట్‌రూట్ మంచిగనే పిండినవ్ బావా."

అందరూ నవ్వారు. అన్న బాటిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

చివరికి సుజాత వదిన పోరుపెట్టి కరీంనగర్ తీసుకెళ్లింది. పెద్ద స్కాన్‌లో దొరికింది. ఎడమ కిడ్నీ నుంచి రక్తం తీసుకుపోయే సిర, మామూలుగా పెద్ద ధమని ముందు నుంచి పోతుందట. అన్నకు పుట్టుకతోనే వెనక నుంచి పోయింది. ధమనికీ వెన్నెముకకూ మధ్య నలుగుతోంది. కొందరికి ఇలా ఉన్నా ఏమీ కాదట.

అన్నకు అయింది.

తిరిగొచ్చి నవ్వుతూ చెప్పాడు. "అందరి నరం ముందట్నుంచి పోతె నాది ఎనుక నుంచి పోయిందట తమ్మీ. బడిల గూడ నాది ఎనుక బెంచే గద."

జబ్బు దొరికినందుకు సంతోషపడిన మనిషిని నేను ఆ రోజే చూశాను.

కానీ ఆ సిరలో రక్తం గడ్డ కడుతోంది, వెంటనే అడ్మిట్ కావాలని డాక్టర్ చెప్పాడు. అన్న వినలేదు. వదిన, నేను ఎంత బతిమాలినా ఒకటే మాట.

"గిప్పుడు సిక్ లీవు పెడితె, సూసిన్రా, అన్‌ఫిట్ కోసమే అంటరు. నాలుగు దినాలు డ్యూటీ చేసి పోత."

నిన్న ఫస్ట్ షిఫ్ట్ చేసి పైకి వచ్చి, ల్యాంప్ అప్పజెప్పే చోటే కూలబడ్డాడు. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు. నాకు రెండో ఫోన్ వచ్చేసరికే అన్న ప్రాణం పోయింది.

నేను చదివిన యూనియన్ కరపత్రాల్లో శత్రువు ఎప్పుడూ పైన ఉంటాడు. ఈసారి పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కార్మికుడి ఒంటిని కార్మికుడే నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?

ఇవాళ పొద్దున అన్న ఇంటి ముందు ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. తనకూ ఈ మధ్య ఎర్రగా వస్తోందట. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆయనకూ ఎదిగిన కొడుకున్నాడు.

అందుకే ఇవాళే ఈ పోస్ట్ రాస్తున్నా.

కాకా, నీ పేరు రాయలేదు, రాయను. ఈ పోస్ట్ చదువుతున్నావని మాత్రం తెలుసు. నీది అన్న జబ్బే కాకపోవచ్చు. రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. ఏదైనా చూపించుకోవాలి. ఎవడైనా నవ్వితే నేను చూసుకుంటా.

మల్లేశన్నా, ఇక ఎవరినీ నమ్మించే పని లేదు నీకు. నెమ్మదిగా నిద్రపో.

ఇవాళ మూడింటికి గోదావరి ఒడ్డుకు తీసుకెళ్తున్నాం. అందరూ రండి. నవ్వినవాళ్లూ రండి.

రేపు పొద్దున ఎనిమిదింటికి బస్టాండ్‌లో, కరీంనగర్ బస్సు దగ్గర ఉంటా. నొప్పి దాచుకుంటున్నవాళ్లు ఎవరైనా సరే రండి.

కాకా, నువ్వు వచ్చేదాకా నేను బస్సు ఎక్కను.