ఓదిలోన్ వెర్దుస్కో దాచిన గడియారం

లోమా పార్దాలో పనికిమాలిన మగవాళ్ళకు ఏనాడూ కరువు లేదు. కాని పనికిమాలినతనానికి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, జేబులో రెండు కలాలు గుచ్చి వీధిలో తిప్పినవాడు మాత్రం ఓదిలోన్ వెర్దుస్కో ఒక్కడే.

తండ్రి గుర్రాలకు జీనులు కుట్టేవాడు. మంచి పనివాడు. ఆ తోలు వాసన కొడుకు ముక్కుకు పడలేదు. పిల్లనిచ్చిన మామగారు వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుంటే మునిసిపల్ కచేరీలో పెళ్ళిళ్ళూ పుట్టుకలూ చావులూ రాసే గదిలో చిన్న గుమాస్తాగా వేశారు. ఆ గదికి పెద్ద, జడ్జి ఫిలెమోన్. ముసలాయన జంటలను నిలబెట్టి, చట్టం చెప్పమన్న నాలుగు మాటలూ చదివి, మీరిద్దరూ ఇక భార్యాభర్తలు అంటుంటే, పక్కన నిలబడి కలం అందించడం ఓదిలోన్ పని. తల నెరిసేదాకా అందించాడు. అందించిన ప్రతిసారీ ఆ మాటలు తన నోట పలకాలని నాలుక దురదపెట్టేది. అందుకని రోజూ స్నానాలగదిలో గొంతు సవరించుకుని సబ్బుకూ చెంబుకూ పెళ్ళి చేసేవాడు. తలుపు అవతల బట్టలు పిండుకునే పెళ్ళాం అంపారోకు ఆ మాటలన్నీ నోటికి వచ్చేశాయి. ఆమెను ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఈయనగారి గొప్ప తెలియాలంటే గంటల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో సర్కారు ఏటా ఎండలు ముదిరేవేళకు గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పమనేది, చలి మొదలయ్యాక మళ్ళీ వెనక్కి తిప్పమనేది. ఊళ్ళో సగం మంది తిప్పలేదు. ఆవుకు గడియారం తెలియదు, మొక్కజొన్నకూ తెలియదు. గుడి గంట కూడా సూర్యుణ్ణి చూసే మోగేది. అలా మా ఊళ్ళో రెండు గంటలు ఉండేవి, దేవుడి గంటా సర్కారు గంటా. పిలుపు ఏదైనా సరే, ఏ గంట ప్రకారం అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళం. ఓదిలోన్ సర్కారు గంటను తండ్రి ఇచ్చిన ఆస్తిలాగా కాపాడాడు. ఒకసారి కొండమీద నుంచి ఒక పచ్చి బాలింత పుట్టుక రాయించడానికి బిడ్డను చంకనేసుకుని నడిచి వచ్చింది. దేవుడి గంట చూసుకుని బయలుదేరింది పాపం. ఆమె వచ్చేసరికి కిటికీ మూస్తున్నాడు. "నీ దేవుణ్ణే రాసుకోమను వీడి పుట్టినరోజు," అని రెక్క దించేశాడు. ఊరు ఆ మాట మరచిపోలేదు. ఊళ్ళు అలాంటివి మరచిపోవు.

చివరికి సర్కారుకే విసుగు పుట్టింది. ఇక తిప్పొద్దు, ఏడాదంతా ఒకటే గంట అంది. అది దేవుడి గంటే. ఊరంతా నవ్వుకుంది. ఓదిలోన్ మాత్రం దగ్గరివాళ్ళు పోయినట్టు కొన్నాళ్ళు ముఖం వేలాడేసుకుని తిరిగాడు.

కిందటి చలికాలం ఫిలెమోన్ మోకాళ్ళు మొరాయించాయి. మంచం దిగి రావడం తగ్గింది. ఆ కుర్చీలో ఓదిలోన్ కూర్చున్నాడు, ఇంకా ఎవరూ కూర్చోమనకుండానే. కూర్చుని చేసిన మొదటి ఘనకార్యం కంప్యూటర్ తెరమీద కింది మూలన ఉండే గడియారాన్ని మాయం చేయించడం.

దానికి కారణం గుమాస్తా హెనొవేవా. నోరు మెదపని మనిషి. ఈయన ఫలహారం ముగించి, పళ్ళు కుట్టుకుంటూ, ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా వచ్చేవాడు. ఆమె తెర మూలనున్న గడియారాన్ని ఒకసారి చూసేది. తరువాత ఈయన ముఖం ఒకసారి చూసేది. మళ్ళీ తన పనిలో పడేది. అంతే. ఆ చూపు ఓదిలోన్‌కు చెప్పులో రాయిలాగా గుచ్చుకునేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. చూపుకు ఏం జవాబు చెబుతాడు?

కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించి గదిలో ఉన్న అన్నిటిమీదా గడియారం కనబడకుండా చేయించాడు. ఎక్కడ నొక్కితే పోతుందో, ఎక్కడ నొక్కితే వస్తుందో తను పక్కనే నిలబడి నేర్చుకున్నాడు. దుమ్ము పట్టిందని గోడ గడియారాన్నీ దింపించి బీరువా వెనక పెట్టించాడు. పనికి గంటలు ఉండవని, గంట చూసుకునేవాడు కూలివాడని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు. తను చేతికి గడియారం కట్టడు. ఫోనూ మోయడు. ఫోను మోసేవాడు పిలిస్తే పలికేవాడు అనేవాడు. ఇంటికి వెళ్ళే వేళ కడుపు చెప్పేది. ఆ కడుపు ఎప్పుడూ ముందే కొట్టేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. పిల్లికి కనీసం ఆకలన్నా ఉంటుంది.

ఏప్రిల్ వచ్చింది. సర్కారు మానేసినా పాత కంప్యూటర్లకు ఆ కబురు అందలేదు. అలవాటు ప్రకారం వాటంతట అవే ఒక గంట ముందుకు దూకాయి. మందుల దుకాణంలో తిట్టుకుని సరిచేసుకున్నారు, బడిలోనూ సరిచేసుకున్నారు. రిజిస్ట్రేషన్ గదిలో సరిచేసేవాళ్ళు లేరు, ఎందుకంటే చూసేవాళ్ళే లేరు. అచ్చయి వచ్చే కాగితాల మీద గంట తేడాగా పడుతోందని హెనొవేవా చెప్పబోయింది.

"ఈ గదిలో గంట మాట ఎత్తొద్దన్నానా, లేదా?" అన్నాడు.

"అన్నారండి," అంది. ఆపైన ఎత్తలేదు.

మే నెలలో ఊరి నడిబొడ్డున తోటలో మూకుమ్మడి పెళ్ళిళ్ళు పెట్టారు. ఏళ్ళ తరబడి కాపురం చేస్తూ, పిల్లల్ని కంటూ, కాగితం ఖర్చుకు డబ్బు లేక అలాగే ఉండిపోయిన జంటలకు అన్నమాట. మునిసిపాలిటీయే కేకు పెడుతుంది, బాజాలు పెడుతుంది. మునిసిపల్ అధ్యక్షుడు ఓదిలోన్‌ను పిలిచి ఉన్నమాట చెప్పాడు. ఈ పెళ్ళిళ్ళు సవ్యంగా జరిపిస్తే జడ్జి కుర్చీ నీది, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాను, మధ్యాహ్నం పన్నెండు అంటే పన్నెండే అన్నాడు. ఓదిలోన్ ఆ రాత్రి సబ్బుకు మరోసారి పెళ్ళి చేశాడు.

పెళ్ళిళ్ళనాడు బతుకులో మొదటిసారి పెందలాడే కచేరీకి వచ్చాడు. హెనొవేవా పూలు తేవడానికి వెళ్ళింది. గదిలో ఒక్కడే. ఆలస్యమైపోతుందేమోనని అటూ ఇటూ తిరిగాడు. ఇన్నాళ్ళూ దాచిపెట్టిన గడియారం ఆ రోజు కావాల్సివచ్చింది. నేర్చుకున్న చోట నొక్కాడు. మూలన బుద్ధిగా ప్రత్యక్షమైంది. పన్నెండుకు ఇంకా కాస్తే ఉందని చెప్పింది. పొద్దుట ఇంత తొందరగా ఎలా కరిగిపోయిందా అన్న అనుమానం కూడా రాలేదు మహానుభావుడికి. పొద్దుటిపూట పని చేసి ఉంటే కదా అది ఎంత పొడుగో తెలిసేది.

పెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని తోటకు పరుగెత్తాడు. పందిరి ఉంది, కుర్చీలున్నాయి, తెల్లగుడ్డ పరిచిన బల్ల ఉంది. మనుషులు లేరు. ఒక కుక్కా, చెక్క పీపాలో నిమ్మ ఐసు తిప్పుతున్న త్రాన్సితో తప్ప. త్రాన్సితో ఐసు అమ్ముతూ ఆ తోటలోనే ముసలిదైంది. ఆమెకు ఎవరన్నా భయం లేదు.

బల్ల వెనక నిలబడి చెమటలు కక్కుతూ చూశాడు. ఎవరూ రాలేదు. అప్పుడు గుడి గంట పదకొండు కొట్టింది. ఓదిలోన్ పెదవి వంకరపోయింది. ఫాదరు ఇంకా దేవుడి గంటే కొట్టిస్తున్నాడు అనుకున్నాడు. అన్నేళ్ళు కొట్లాడి గెలిచానన్న పొగరు, ఓడిపోయినా దిగలేదు.

"జనం ఏరీ?" అని త్రాన్సితోను అడిగాడు.

"వస్తార్లే నాయనా. పన్నెండన్నారుగా. ఇంకా పదకొండేగా."

"నీ లెక్క ప్రకారం పదకొండు."

"లెక్కలెక్కడున్నయ్యి ఇంకా? ఒకటే గంటైపోయింది గదా. మీ సర్కారోళ్ళే చెప్పిరి."

"మీ బుర్రలకు ఎక్కదమ్మా. కచేరీ కంప్యూటర్లో చూసొచ్చాను నేను."

"చూడొద్దని దాపెట్టింది తమరేగా," అంది త్రాన్సితో పీపా తిప్పడం ఆపకుండా. "దాగున్నోడు నిజం చెబుతాడా?"

ఆయన వినిపించుకోలేదు. వీళ్ళకు ఇవాళ బుద్ధి చెప్పాలనుకున్నాడు. రిజిస్టరు తెరిచి, గొంతు సవరించుకుని, ఖాళీ కుర్చీలకేసి చూస్తూ ఒక్కొక్క జంట పేరే పిలిచాడు. పిలిచి, కాసేపు ఆగి, "రాలేదు," అని పక్కన రాసుకున్నాడు. ప్రతి పేరుకూ కుక్క ఒకసారి చెవి ఎత్తింది. ఆఖరి పేరు అయ్యాక కలానికి మూత పెట్టి, రిజిస్టరు తీసుకుపోయి కచేరీ బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి లాగుజేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. అధ్యక్షుడు అడిగితే చెప్పడానికి మంచి మాటలు దారిలో కూర్చుకున్నాడు కూడా.

అంపారో ఇస్త్రీ చేసిన గౌను వేసుకుని, పెళ్ళిళ్ళు చూడడానికి బయలుదేరబోతోంది.

"అప్పుడే అయిపోయినయ్యా?"

"ఎవరూ రాలేదు. ఈ ఊరికి పెళ్ళిళ్ళు చేసుకునే యోగ్యత లేదు. అన్నం పెట్టు."

ఆమె వంటింటి గోడకేసి చూసింది. "ఇంకా పన్నెండు కాలేదండీ."

"నీ గడియారం కూడా దేవుడిదేనా?"

ఆమె పళ్ళెం తీసింది. బీన్సూ రొట్టెలూ పెట్టింది. ఆయన తిని, లాగు విప్పి కుర్చీకి తగిలించి, పడుకుని గుర్రు పెట్టాడు. అంపారో లాగుజేబులోంచి తాళంచెవి తీసుకుంది. భుజాలమీద శాలువా కప్పుకుని, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్ళింది.

గుడి గంట పన్నెండు కొట్టేసరికి తోట నిండిపోయింది. పెళ్ళికూతుళ్ళు, వాళ్ళ గౌన్ల అంచులు పట్టుకున్న పిల్లలు, బాజాలవాళ్ళు, అధ్యక్షుడు. జడ్జి ఒక్కడే లేడు. అంపారో తాళంచెవి ఇస్తే హెనొవేవా రిజిస్టరు తెచ్చింది. అందరి పేర్ల పక్కనా ముందే "రాలేదు" అని రాసి ఉంది. అది అధ్యక్షుడూ చూశాడు. ఇద్దరు మనుషుల్ని పంపి ఫిలెమోన్‌ను కుర్చీతో సహా మోయించాడు. ఇంట్లో చెప్పులతోనే వచ్చాడు ముసలాయన. తొందరలో కళ్ళజోడు మరచిపోయాడు. మొదలుపెట్టి, మూడో వాక్యం దగ్గర ఆగిపోయి దిక్కులు చూశాడు. అప్పుడు ముందు వరుసలోంచి, బట్టలు పిండేటప్పుడు మాట్లాడుకునేంత మామూలు గొంతుతో, తరువాతి మాట అందించింది అంపారో. దాని తరువాతిదీ అందించింది. ఆఖరిదాకా ఆమె అందిస్తే ముసలాయన పలికాడు. జంటలన్నీ భార్యాభర్తలయ్యాయి.

బాజాల మోతకు ఓదిలోన్‌కు మెలకువ వచ్చింది. ఇప్పుడొచ్చారన్నమాట, కాసేపు పడి ఉండనీ అనుకున్నాడు. తీరిగ్గా దువ్వుకుని, చొక్కా సర్దుకుని, ఊరు తనకోసం కాచుకుని ఉందన్న నడకతో తోటకు వచ్చాడు. కేకు కోస్తున్నారు. పిల్లలు మీగడ మూతులతో పరుగెడుతున్నారు. త్రాన్సితో ఒక గ్లాసు ఐసు చేతిలో పెట్టి, "తొందరగా తాగు నాయనా, పీపా అడుక్కొచ్చింది," అంది. అధ్యక్షుడు కోప్పడలేదు. తన మణికట్టు ఒకసారి చూసుకున్నాడు. తరువాత ఓదిలోన్ ముఖం ఒకసారి చూశాడు. మళ్ళీ కేకు వైపు తిరిగాడు.

ఇప్పుడు జడ్జి కుర్చీలో హెనొవేవా ఉంది. గోడ గడియారం తుడిచి, ఎక్కడ ఉండేదో అక్కడే తగిలించింది. కంప్యూటర్లన్నిటిమీదా గడియారం మళ్ళీ పెట్టించి, గంట సరిచేయించింది. ఓదిలోన్‌ను గుమ్మం పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళకు చీటీలు ఇవ్వమంది. ఇస్తున్నాడు. ఇంట్లో స్నానాలగది మాత్రం నిశ్శబ్దమైపోయింది, అంపారోకు చెవులు హాయిగా ఉన్నాయి. పనిమీద ఎప్పుడైనా ఆ కిటికీకి వెళితే కాస్త వంగి ఆయన తెర చూడండి. కింది మూలన గడియారం మీద ఒక కాగితం ముక్క అంటించి ఉంటుంది. ఎండకు జిగురు ఊడి అది రోజూ రాలిపోతుంది. ఆయన రోజూ ఉమ్మి తడిచేసి మళ్ళీ అంటిస్తాడు.