పీపాకు అటుపక్క

రక్తపరీక్షల ల్యాబులో సూది పట్టే ఆవిడను పేషెంట్లు ‘గూడ్సక్క’ అంటారు. ఆ పేరు తెచ్చుకున్నది ఆవిడే. చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం కోసం వేలితో తడుముతూ, “మీరెప్పుడైనా గూడ్సు బండిని చివరి పెట్టె దాకా చూశారా?” అని అడుగుతుంది. ఎవరూ చూసి ఉండరు. ఎందుకు చూడాలబ్బా అని వాళ్లు ఆలోచించేలోపు గొట్టంలోకి కావలసినంత రక్తం వచ్చేస్తుంది. దూది పెట్టి చెయ్యి మడిచేసి, “ఈసారి చూడండి” అని పంపేస్తుంది.

మధ్యాహ్నానికి ల్యాబు పని అయిపోతుంది. భోంచేసి, కెమెరా మెడలో వేసుకుని, రైలు పట్టాల పక్కనున్న గట్టు మీదికి వెళుతుంది. ప్రయాణికుల బండి వస్తే కెమెరా ఎత్తదు. “అందులో ఉండేదీ మనలాంటి వాళ్లే కదా, కొత్తగా చూసేదేముంది?” అంటుంది. గూడ్సు అయితే నిలబడి చూస్తుంది. బొగ్గు, సిమెంటు, కొత్త ట్రాక్టర్లు, నూనె ట్యాంకులు. ఇందులో సాధన, ధ్యానం లాంటి పెద్ద మాటలు వెతికేవాళ్లకు ఏమీ దొరకదు. ఆవిడకు చూడటం ఇష్టం, చూసింది ఫోటో తీసుకోవడం ఇంకా ఇష్టం.

భర్త బాయిలర్ల ఫ్యాక్టరీలో వెల్డరు. ఈ పిచ్చిని ఎన్నడూ అడ్డుకోలేదు, అలాగని వెక్కిరించకుండానూ ఉండలేదు. “ఏం, ఇవాళ మీ పుట్టింటివాళ్లు ఎంతమంది వచ్చారు?” అని అడిగేవాడు. ఫలానా ఫోటో తియ్యి అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. 

అలాంటివాడు ఒకరోజు అన్నం కలుపుతూ అడిగాడు.

“మా పీపా వెళ్లిపోతోంది. రైల్లోనే. ఒక ఫోటో తీస్తావా?”

పీపా అంటే ఇల్లంత ఉక్కు పాత్ర. ఎక్కడో దూరాన నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీలో బిగిస్తారు. దాని నిలువెల్లా సాగే పొడవాటి అతుకు ఈయన చేతిది. కళ్ల డాక్టరు ఇక వెల్డింగు వెలుగు ముందు కూర్చోవద్దని ఖరాకండిగా చెప్పేశాడు కాబట్టి అదే ఆఖరిది కూడా. షెడ్డులో ఉన్నన్నాళ్లూ పీపా చుట్టూ ఇనప మంచెలే. లోపలికి ఫోన్లు తేనివ్వరు. తన అతుకును ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒక్క చూపులో ఆయన చూసిందే లేదు. అది వెళ్లే సాయంత్రమేమో ఆయనకు వేరే షెడ్డులో డ్యూటీ. అటుపైన అది మళ్లీ కంటపడేది కాదు.

గూడ్సక్క ఈ పనిని పెళ్లి ఫోటోగ్రాఫరులా నెత్తిన వేసుకుంది. గూడ్సు ఫోటోలు తీసేవాళ్లకు మొదటి పాఠం ఒకటుంది: ఎండ మన వీపున ఉండాలి, బండి ముఖాన పడాలి. ఆ లెక్కన సాయంత్రం పడమటి గట్టు మీద నిలబడాలి. అక్కడే నిలబడింది. ఎక్కువ చక్రాలున్న పొడవాటి వ్యాగన్ మీద పీపా మనిషి నడకంత నెమ్మదిగా వచ్చింది. పడమటి ఎండలో ఎర్రరంగు పూత మెరిసిపోతోంది. ఇంత మంచి ఫోటో ఇంతవరకు తీయలేదని ఇంటికి వచ్చే దారిలోనే ఆవిడకు తెలిసిపోయింది.

పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, భోజనాల బల్ల పైన గోడకు తగిలించింది. భర్త దగ్గరికెళ్లి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. “బాగుంది. చాలా బాగుంది” అన్నాడు. 

ఆదివారం ఆయన స్నేహితుడు, అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు, టీ తాగడానికి వచ్చాడు.

“వదినా, ఫోటో బ్రహ్మాండం. మావాడి అతుకు అటుపక్కకి వెళ్లిపోయింది గానీ, లేకపోతేనా...”

టీ పోస్తున్న చెయ్యి ఆగింది.

“అటుపక్క ఏంటి?”

ఫిట్టరు ఆమె భర్త ముఖం చూశాడు. ఆయన కప్పులోకి చూశాడు.

“వ్యాగన్ మీద అలా కూర్చోబెట్టారు వదినా. అతుకు తూర్పు వైపు, భుజం మీద. ఇటు ఉన్నది ఉత్త రేకు.”

అతను వెళ్లీ వెళ్లకముందే గూడ్సక్క భర్తను నిలదీసింది.

“మీకు చూడగానే తెలిసింది కదా?”

“తెలిసింది.”

“మరి నోట్లో బెల్లం పెట్టుకున్నారా?”

“నువ్వంత సంబరపడుతుంటే ఏం చెప్పను?”

ఈ రకం మంచితనం మీద ఆవిడకు ఒళ్లు మండింది. అంతకన్నా తన మీద తనకు మండింది. ఎండ ఎటో చూసుకుంది, మబ్బు చూసుకుంది, చెట్టుకొమ్మ అడ్డొస్తుందేమో చూసుకుంది. అతుకు ఎటో భర్తను ఒక్క మాట అడగలేదు. 

ఆ రాత్రి ఆమెకు తూర్పు గట్టు గుర్తుకొచ్చింది. అక్కడొక బేకరీ ఆయన ఉంటాడు. ఆయనకూ ఇదే పిచ్చి. రోజూ సాయంత్రం ఎండకు ఎదురుగా నిలబడి తీస్తాడు కాబట్టి ఆయన ఇంజన్లన్నీ నల్లగా వస్తాయి. ఫోన్లో వీళ్లందరి గ్రూపు ఒకటుంది. అందులో ఒకసారి ఆయన ఫోటో కింద ఈవిడ రాసింది: “ఇది ఇంజనా, మాడిపోయిన బ్రెడ్డా?” అందరూ నవ్వారు. ఆయన మాత్రం దండం పెడుతున్న బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. 

మర్నాడు పట్టాల మీది వంతెనెక్కి అటువైపు దిగింది. బేకరీలో రెండో వాయి పొయ్యిలో ఉంది. ఆయన చేతులకు మోచేతుల దాకా పిండి.

“రండి మేడమ్. మాడిన బ్రెడ్డు కావాలా? ఇవాళ మంచివే ఉన్నాయి మరి.”

“అన్నయ్యగారూ, తిట్టాలనుంటే తర్వాత తిట్టండి. ఆ పీపా వెళ్లిన రోజు మీరున్నారా?”

“నేనెక్కడికి పోతాను? పొయ్యి వదిలి ఎండ వెనకాల తిరగడానికి నాకు సెలవులెవరిస్తారు?”

“ఫోటో తీశారా?”

“తీశాను.”

“మరి గ్రూపులో పెట్టలేదేం?”

“మీది పెట్టారుగా. దాని పక్కన ఇది పెట్టి మళ్లీ తిట్లు తినాలా?”

ఆవిడ సంగతంతా చెప్పింది. ఆయన సగంలోనే చేతులు కడుక్కుని కెమెరా తెచ్చాడు. మొదటిది చీకటి ముద్ద. రెండోదీ అంతే. ఆయన తల గోక్కున్నాడు. మూడోది రాగానే ఇద్దరూ కెమెరా మీదికి వంగారు. పీపా అంతా నలుపే. కానీ వెనక నుంచి వచ్చే వాలు ఎండ దాని భుజాన్ని రాసుకుంటూ పోయింది. ఉబ్బి ఉన్న అతుకు ఒక్కటే ఆ వెలుగును పట్టుకుని, ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి గీతలా నిలబడింది. ఎండను వీపున పెట్టుకుని ఎంత బాగా తీసినా అతుకు ఇంత స్పష్టంగా వచ్చేది కాదు.

“అన్నయ్యగారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో...”

“నాకెందుకమ్మా, గ్రూపులో చెప్పండి. తిట్టింది అక్కడేగా.”

న్యాయమైన మాట. నలుగురిలో అవమానించి, చాటుగా కృతజ్ఞత చెప్పుకోవడం లోకంలో మామూలే. ఆవిడ ఫోటోను ఫోన్లోకి ఎక్కించుకుని, బేకరీ బల్ల దగ్గరే నిలబడి గ్రూపులో పెట్టి రాసింది: “తూర్పు గట్టు అన్నయ్యగారు తీసిన ఫోటో ఇది. మా ఆయన ఆఖరి అతుకు ఇందులో ఉంది. నేను అటు నిలబడి ఉత్త రేకు తీసుకొచ్చాను. ఆయన ఇంజన్ల మీద ఇన్నాళ్లూ వాగిందంతా వాపసు.” ఆయన చదివి, “వాగింది అనక్కర్లేదులెండి” అని, ఓ బ్రెడ్డు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

దారిలో దాన్నీ పెద్దది చేయించి, ఇంటికి రాగానే ఫ్రేములో పాత ఫోటో తీసేసి కొత్తది పెట్టింది. భర్త డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే గోడ దగ్గరికి వెళ్లాడు. చూపుడువేలు గాజు మీద పెట్టి, ఆ గీత వెంట ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నడిపించాడు. సగం దాటాక వేలు ఆగింది.

“ఇదిగో, ఇక్కడే తుమ్మొచ్చింది.”

“తుమ్మా?”

“ఊఁ. ఊపిరి బిగబట్టి ఆపేశాను. చెయ్యి కదిలితే అయిపోయేది.”

ఆవిడ కళ్లు చికిలించి, ముక్కు గాజుకు తగిలేంత దగ్గరికెళ్లి వెతికింది.

“నాకేం కనబడట్లేదండీ.”

“కనబడితే మీ ఆయనకు ఇన్నేళ్లు ఉద్యోగం ఎవడిస్తాడు?” అన్నాడాయన, వేలు ఇంకా అక్కడే ఉంచి.