మూడో నిమిషంలో లేచిన గీత

మా ప్రయోగశాలలో అందరూ ఆవిడను అద్దాలక్క అనే పిలుస్తారు. రెండు పారదర్శకమైన పలకల మధ్య వెంట్రుకంత సన్నని కాలువలు ఉండేలా చిప్పులు తయారుచేయడం ఆవిడ పని. ఆ కాలువల్లో రెండు ద్రవాలను కలిపి, వాటి గుండా ఒక యంత్రం పరారుణ కాంతిని పంపితే, ఏ పదార్థం ఎప్పుడు పుడుతోందో తెర మీద గీతగా కనిపిస్తుంది. ఇక్కడ చేరకముందు పన్నెండేళ్లు భర్తతో కలిసి దర్జీ కొట్లో కాజాలు కుట్టిందట. చెయ్యి వణకదు, నోరు మాత్రం ఊరుకోదు.

ఆవిడకో అలవాటుంది. యంత్రం దగ్గర ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి వదులుతుంది. బరువులెత్తేవాళ్లలా ఆ ముఖమేమిటని అందరికంటే ఎక్కువగా ఆటపట్టించింది నేనే.

రెండేళ్లుగా నేనొక రసాయన చర్య వెంట పడ్డాను. అందులోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుందని నా వాదన. వస్తే నా పరిశోధన గట్టెక్కుతుంది, లేకపోతే మళ్లీ మొదటికే. ఒకరోజు మూడో నిమిషంలో సరిగ్గా ఆ వాయువు ఉండాల్సిన చోట గీత లేచింది. వరసగా నాలుగుసార్లు! మా గురువుగారు సోమవారమే వ్యాసం పంపేద్దామన్నారు. నా కాళ్లు నేలమీద నిలవలేదు. అద్దాలక్క మాత్రం తెర వంక చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది.

మర్నాడు ఆవిడ ఒక స్టూలు తెచ్చి తలుపు పక్కన వేసి, ఈసారి ప్రయోగం నడుస్తున్నంతసేపూ ఇక్కడ కూర్చొమ్మంది. నాకు ఒళ్లు మండింది.

"ఇది కాజాలు కుట్టడం కాదక్కా" అన్నాను.

ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆవిడ మాత్రం నిన్నటి గీతల కాగితం నా ముందు పరిచింది.

"ద్రవంలో కరిగిన వాయువైతే ఒకటే శిఖరం రావాలి. ఇక్కడ చూడు, రెండు మూపురాలున్నాయి. ఇది కాలువలోది కాదు, కాంతి దారిలో పడ్డ గదిలో గాలి."

కాలువలో బుడగేమోనన్నాను. బుడగైతే తన కంటపడకుండా పోతుందా అంది. గొణుక్కుంటూ వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. మూడో నిమిషం వచ్చింది, పోయింది. గీత కదల్లేదు. అప్పుడు రోజూ చూసినట్టే వచ్చి చూడమంది. చిప్పు మీదకు వంగాను. రెండు మూపురాలూ లేచాయి.

నాలుగుసార్లూ మూడో నిమిషంలో ఆత్రం పట్టలేక వంగింది నేనే. రెండేళ్ల కష్టంతో నేను కనిపెట్టింది నా ఊపిరిని.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నోరు రాలేదు నాయనా. రెండేళ్లలో నువ్వు నవ్వగా నిన్ననే చూశాను."

వ్యాసం ఆగిపోయింది. గురువుగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అద్దాలక్క దగ్గరకెళ్లి, కాజాల మాట అనకుండా ఉండాల్సింది అన్నాను. ఆవిడ కొత్త చిప్పు తుడుస్తోంది, తలెత్తలేదు.

"చివరి కుట్టు దగ్గర ఊపిరి బిగబట్టకపోతే సూది పక్కకు పోతుంది. ఈ అలవాటు నాకు ఆ కొట్లోనే వచ్చింది" అంది.

తర్వాత చిప్పు నా చేతికిచ్చింది. ఊపిరి బిగబట్టి యంత్రం కింద పెట్టాను.