ఒక వాల్వు, రెండు తాళాలు

ఐదు రోజుల తర్వాత ఈ రోజు పొద్దున నీళ్లొచ్చాయి. వచ్చి, మా కళ్లముందే వెళ్లిపోయాయి.

కింది ఊళ్లకు పోయే పెద్ద పైపు నుంచి మాకూ పక్క పంచాయతీకీ కలిపి వాల్వు ఒకటే. అది పొలిమేరలో ఒక గుంతలో ఉంది. ఒకరు లేనప్పుడు ఇంకొకరు నీళ్లన్నీ తమవైపే తిప్పుకుంటారేమోనని, పోయిన నెల ఇద్దరు సర్పంచులూ కూర్చుని మాట్లాడుకుని, ఆ గుంత మూతకు ఊరికొకటి చొప్పున రెండు తాళాలు వేయించారు. రెండూ తీస్తేనే మూత లేస్తుంది.

మా వాటర్‌మ్యాన్ మా తాళం తీశాడు. రెండు ఊళ్ల ఆడవాళ్లమూ బిందెలతో నిలబడ్డాం.

"మా తాళంచెవి సర్పంచు జేబులో ఉండాది. ఆయప్ప పెండ్లికని బళ్లారికి పోయినాడు," అన్నాడు వాళ్ల వాటర్‌మ్యాన్.

"అయితే పగలగొడదామన్నా! మీకూ నీళ్లు లేవు కదా!" అంటూ నేను రాయి అందుకున్నాను.

వాళ్ల ఊరి ముసలావిడ ఒకామె వచ్చి ఆ మూత మీద కూర్చుంది.

"మా తాళం పగిలితే రేపట్నించి మీరే తిప్పుకుంటారు. నేను లేసేది లేదు."

ఆమె బిందె కూడా ఖాళీయే.

పెద్ద పైపు మీద చెయ్యి పెడితే, లోపల కిందికి పోతున్న నీళ్లకు చల్లగా తగిలింది. గంట తర్వాత పంపుహౌసులో మోటారు ఆపేశారు. ఎండకు పైపు మళ్లీ కాలింది. ఇంట్లో అర బిందె తాగునీళ్లున్నాయి. మళ్లీ నీళ్లు ఎప్పుడో తెలియదు.

వచ్చేటప్పుడు మా వాటర్‌మ్యాన్ మా తాళం మళ్లీ వేశాడు. "ఇంకోసారి గట్టిగా లాగి చూడన్నా" అన్నది నేనే.

మీరైతే అనేవాళ్లు కాదా?