పలక మీద రాసుకున్న చుట్లు

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియని పని అంటూ ఉండదు. ఆ రోజుల్లో నాకైతే అసలే లేదు. మార్కాపురంలో ఒక మెకానిక్ షెడ్డులో మూడు నెలలు పానాలు అందించి, నాలుగో నెలలో నాకంటే రెండేళ్లే చిన్నదైన కారును కొనుక్కొచ్చి ఇంటి ముందు నిలబెట్టాను. దాని స్టీరింగు ఎంత అరిగిపోయిందంటే, పావు చుట్టు తిప్పినా ముందు చక్రాలకు కబురు అందేది కాదు (అందాక మాత్రం అవసరానికి మించి వినేవి). మొదటిరోజు ఎక్కిన నాయన ఊరి చివర కల్వర్టు దగ్గరే దిగిపోయి, "ఇది నీ మాట ఇనేదాంక నేను ఎక్కను పోరా" అని నడిచి ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంతలో తర్లుపాడులో అక్క బిడ్డకు ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించి పేరు పెడుతున్నామని కబురొచ్చింది. నాయన నాకు చెప్పకుండా ఆటో మాట్లాడుకున్నాడు. కొడుక్కి కారుండగా అక్క అత్తగారి గుమ్మం ముందు నాయన ఆటో దిగితే నా పరువేం కావాలి? శనివారం పొద్దున్నే జాకీ పెట్టి కారును లేపాను.

స్టీరింగు కడ్డీలను చక్రాలకు కలిపే కీళ్లు రెండూ అరిగాయి. పాత కీలు ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో, కొత్తది అన్నే చుట్లు బిగించాలని షెడ్డులో మా మేస్త్రీ చెప్పేవాడు. మా ఇంట్లో కాగితం వెతుక్కోవాలి గానీ పలకలకు కొదవలేదు. అమ్మ ముప్పై ఏళ్లుగా పలకల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. పాత కీళ్లు విప్పి, గోడకు ఆనించిన పలక మీద ఒక పక్కకు పదహారు, రెండో పక్కకు పద్దెనిమిది అని అంకెలు వేసి, కొత్త కీళ్ల కోసం దుకాణానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పలక నల్లగా, నిగనిగలాడుతోంది.

"అమ్మా, దీని మీద రాసిందేమయింది?"

"ఎవురో గీకి పెట్టినారు నాయనా. శుబ్రంగా తుడిసినా."

నేను విప్పదీసిన చక్రం పక్కనే కూలబడ్డాను. చెబితే సిగ్గుచేటు గానీ, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అది చూసి అమ్మ, "ఆ గీతల కోసమా ఏడ్సేది?" అంటూ వేలు తడి చేసుకుని పలక మీద గీసి చూపించింది. అమ్మకు అక్షరం ముక్క రాదు. "ఒకటేమో నిలువు గీత, పక్కన సున్నా మింద సున్నా. ఇంకోటీ నిలువు గీతే, పక్కన సున్నాకు కొమ్ము మొలిసినట్ల ఉన్నింది."

పద్దెనిమిది, పదహారు! అమ్మ చేయి పట్టుకుని గంతులేశాను. ఏది ఏ పక్కదో మాత్రం ఆమెకూ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఎడమకు పద్దెనిమిదని నా మనసు చెప్పింది (ఆ కారు కొనమన్నదీ ఈ మనసే).

బిగించాక స్టీరింగులో వదులంతా పోయింది. అయితే కారు తిన్నగా పోవాలంటే స్టీరింగును వంకరగా పట్టుకోవాలి. రెండు పక్కల లెక్కలూ తారుమారు చేశానని అప్పుడు తెలిసింది. అప్పటికే చీకటి పడింది, మళ్లీ విప్పడానికి వేళ లేదు.

ఆదివారం ఆటోను వద్దని పంపించేశాను. నాయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి, అనుమానంగా ముందు సీట్లో కూర్చున్నాడు. కల్వర్టు వచ్చినా నాయన దిగలేదు. దాటాక నాయనే అన్నాడు, "అది వంకరగా ఉండాది, బండేమో సక్కంగా పోతాంది. ఏందిరా ఇది?"

"అమ్మ చెప్పిన లెక్క నాయనా."

"నేను సరిగ్గానే జెప్పినా," వెనక సీట్లోంచి అమ్మ అందుకుంది. "వాడే వంకరగా రాసుకోనుంటాడు."

నాయన తర్లుపాడు దాకా నవ్వుతూనే ఉన్నాడు. అక్క అత్తగారి గుమ్మానికి ఎదురుగా ఆపమని, అందరూ చూసేదాకా నింపాదిగా దిగాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆ వంకర సరిచేయడం గంట పని. కారు అమ్మేదాకా ఎందుకో చేయబుద్ధి కాలేదు. ఇప్పటి కారులో అన్నీ తిన్నగానే ఉన్నాయి. అయినా ఆ కల్వర్టు దగ్గరికి రాగానే నా చేతులు వాటంతటవే కాస్త పక్కకు ఒరుగుతాయి. పక్క సీట్లో కునికిపాట్లు పడుతున్న నాయన కళ్లు తెరవకుండానే, "సక్కంగా పట్టుకోరా" అంటాడు.